ఫోనులో ఆత్మీయంగా మాట్లాడే మనిషి సందేశాల్లో ఇంత పొడిగా ఎందుకుంటారు?

ప్రశ్న: వేకువ (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 27. ఇక్కడే ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. వైశాఖంలో నాకు నిశ్చితార్థం జరిగింది, మార్గశిరంలో పెళ్లి. ఆయన డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పెళ్లిచూపుల నాడు ఒకసారి, తాంబూలాలు పుచ్చుకున్న తరవాత ఇరువైపుల వాళ్లతో కలిసి మరొకసారి తప్ప మేము ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. పది రోజుల సెలవు అయిపోగానే ఆయన వెళ్లిపోయారు. అప్పటినుంచి మా పరిచయమంతా ఫోనులోనే సాగుతోంది.

ఇక్కడికీ అక్కడికీ ఇప్పుడు పదిన్నర గంటల తేడా. నేను పొద్దున్న పది గంటలకు కౌంటరులో కూర్చునేసరికి ఆయనకు ముందురోజు రాత్రి పదకొండున్నర అవుతుంది. సాయంత్రం ఏడింటికి నేను ఇల్లు చేరేసరికి ఆయన ఆఫీసుకు కారులో బయలుదేరుతూ ఉంటారు. అందువల్ల తీరిగ్గా మాట్లాడుకోవడానికి ఆదివారం ఒక్కటే మిగులుతోంది, మిగతా ఆరు రోజులూ వాట్సాప్ సందేశాలే. ఆదివారం మాట్లాడే మనిషికీ, ఆరు రోజులు సందేశాలు పంపే మనిషికీ నాకు పోలిక కనిపించడం లేదు. ఫోనులో ఆయన మా అమ్మమ్మ మోకాలి నొప్పి గురించి గుర్తుపెట్టుకుని అడుగుతారు, నేను చెప్పిన చిన్న విషయానికి కూడా మనసారా నవ్వుతారు. సందేశాల్లో మాత్రం "సరే", "ఊఁ", "చూద్దాం" అన్న మాటలు దాటవు.

పోయిన నెలలో రిసెప్షన్ మా ఊళ్లో పెట్టుకుందామా, వాళ్ల ఊరు విజయవాడలో పెట్టుకుందామా అని అడుగుతూ, రెండు చోట్లా ఉన్న సాధకబాధకాలన్నీ వివరిస్తూ పెద్ద సందేశం రాశాను. రాసిన పది నిమిషాలకే రెండు టిక్కులూ నీలం రంగులోకి మారాయి. జవాబు ఏడు గంటల తరవాత వచ్చింది. అందులో ఉన్నది రెండే మాటలు: "నీ ఇష్టం". ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. విసుగుతో అన్నారా, నిజంగానే నాకు వదిలేశారా, లేక మా పెళ్లి మీదే ఆసక్తి లేదా అన్నది ఎన్నిసార్లు చదివినా తేలలేదు.

అప్పటినుంచి నాకొక అలవాటు పట్టుకుంది, చెప్పుకోవడానికి బాధగా ఉంది. అర్ధరాత్రి రెండింటికి మెలకువ వస్తే, అక్కడ మధ్యాహ్నం మూడున్నర కదా అని, ఆయన చివరిసారి ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూసుకుంటున్నాను. ఏదో రాస్తాను, తప్పుగా అర్థం చేసుకుంటారేమోనని తొలగిస్తాను. తొలగించిన గుర్తు చూసి ఏం రాశావని ఆయన అడిగితే ఏమీ లేదంటాను. స్నేహితురాలి సలహా విని ఒకసారి రోజంతా జవాబివ్వకుండా ఉంటే, ఆయన కంగారుపడి మా నాన్నగారికి ఫోన్ చేశారు. ఆ పని చేసినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

నా సందేహాలు రెండు. సందేశాలను బట్టి మనిషి మనసును ఎంతవరకు అంచనా వేయవచ్చు? ఈ విషయాన్ని ఆయనతో సాధింపులా కాకుండా ఎలా చెప్పాలి?

సమాధానం 1: విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు (గుంటూరు)

అమ్మా, వయసులో నీకంటే చాలా పెద్దదాన్ని కాబట్టి నువ్వు అనే సంబోధిస్తాను, అన్యథా భావించకు.

నిన్ను ఏడిపించిన "నీ ఇష్టం" అన్న మాటనే ముందు చూద్దాం, ఎందుకంటే చిక్కంతా అందులోనే ఉంది. మన ఇళ్లలో ఆ మాటను ఎన్ని రకాలుగా అంటారో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. చీరల కొట్లో భర్త నవ్వుతూ "నీ ఇష్టం" అంటే అది ప్రేమ. పొరుగూరి సంబంధం వద్దన్న కూతురితో తండ్రి మొహం పక్కకు తిప్పుకుని "నీ ఇష్టం" అంటే అది కోపం. అలసిపోయి ఇంటికొచ్చిన వాణ్ణి కూర ఏం చేయమంటావని అడిగినప్పుడు "నీ ఇష్టం" అంటే దానికి ఓపిక లేదన్నదే అర్థం. మూడింటిలోనూ అక్షరాలు అవే, తేడా అంతా గొంతులో ఉంది. మన భాషలో ఆ గొంతును కొంతవరకైనా కాగితం మీదికి తెచ్చేవి చిన్న చిన్న పదాంశాలు: లే, గా, కదా, మరి, అండీ. "సరే" అన్నదానికీ "సరేలే" అన్నదానికీ, "సరేగానీ" అన్నదానికీ "సరే మరి" అన్నదానికీ ఎంత దూరముందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. బొటనవేలితో తొందరగా రాసేటప్పుడు మనిషి మొట్టమొదట వదిలేసేది వీటినే. అవి పోయాక మిగిలిన మాట ఎండిన కొమ్మలా కనబడుతుంది.

2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, వారి సహచరులు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కొందరి చేత కొన్ని వాక్యాలను వ్యంగ్యంగానూ, కొన్నింటిని మామూలుగానూ ఈమెయిల్లో పంపించారు, అవే గొంతుతో కూడా చెప్పించారు. పంపినవాళ్లు తమ ఉద్దేశం ఈమెయిల్లో కూడా గొంతులో తెలిసినంత స్పష్టంగానే తెలుస్తుందని గట్టిగా నమ్మారు. అయితే చదివినవాళ్లు ఊహించినది బొమ్మా బొరుసా వేసి చెప్పినదానికంటే కొద్దిగానే మెరుగ్గా ఉంది. కారణం సులభమే. రాసేటప్పుడు మన చెవిలో మన గొంతు వినబడుతూనే ఉంటుంది, అందువల్ల అది అక్షరాలతో పాటు వెళ్లలేదన్న సంగతి మనకు తట్టదు. ఆయన కూడా "నీ ఇష్టం" అని రాసినప్పుడు తన గొంతును తాను వినే ఉంటాడు.

మా కాలం సంగతి ఒకటి చెబుతాను. 2003లో మాకు నిశ్చితార్థమైనప్పుడు ఆయన నాసిక్‌లో ఉండేవారు. అప్పటి ఫోన్లలో తెలుగు లిపి లేదు. ఎస్సెమ్మెస్‌కు ఇంగ్లీషు అక్షరాలైతే 160 దాకా పట్టేవి. తరవాత తెలుగు వచ్చాక కూడా ఆ హద్దు 70కి పడిపోయేది, అందులోనూ ఒత్తులూ గుణింతపు గుర్తులూ విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి "స్త్రీ" అన్న ఒక్క మాటకే ఆరు ఖర్చయ్యేవి. మన జాతి యావత్తూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి అలవాటు పడడంలో ఈ హద్దుకు కూడా పాలుంది. ఆ అలవాటులో హ్రస్వ దీర్ఘాలు, ళకారాలు అన్నీ పోయాయి. నేనప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంటూ ఉండేదాన్ని. మర్నాడు పరీక్ష ఉందని భయపడుతూ రాత్రి ఆయనకు సందేశం పంపితే, పి, ఏ, డి, యు, కె, ఓ అన్న ఆరక్షరాల జవాబు వచ్చింది. నేను దాన్ని "పాడుకో" అని చదివాను. నా పాటను ఇంతగా గౌరవించే మనిషి దొరికాడని కళ్లు చెమర్చాయి, అర్ధరాత్రి దాకా సాధన చేశాను. పెళ్లయిన రెండేళ్లకు తెలిసింది, ఆయన రాసింది "పడుకో" అని.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, ఖాళీ వదిలిన చోటును చదివేవాళ్ల మనసే నింపుతుంది. నా మనసు ఆ రాత్రి ఆశతో ఉంది కాబట్టి ప్రేమతో నింపింది. నీ మనసు బెంగతో ఉంది, అందుకే బెంగతో నింపుతోంది. నేను చదివిన "పాడుకో" ఎంత నిజమో, నువ్వు చదివిన విసుగు కూడా అంతే నిజం కావచ్చు.

చేతనైతే ఇద్దరూ తెలుగు లిపిలో రాసుకోండి. తేల్చవలసిన విషయాలు వచ్చినప్పుడు ఒక నిమిషం గొంతు రికార్డు చేసి పంపమని అడుగు.

సమాధానం 2: అర్వింగ్ వాసి (టెక్సాస్)

వేకువ గారూ, మీ కాబోయే వారు ఉంటున్న ఊరి పక్కనే మేమూ ఉంటున్నాం. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోను. అయితే ఆయన చేస్తున్నదే నేను కొన్నేళ్లు చేశాను కాబట్టి, అవతలి వైపు నుంచి అది ఎలా ఉంటుందో చెప్పగలను.

నీలం టిక్కు గురించి మొదట. 2014 నవంబరులో వాట్సాప్ దాన్ని ప్రవేశపెట్టినప్పటి నుంచి, ఎన్ని జంటల మధ్య అది తగవు పెట్టిందో లెక్కలేదు. ఆ టిక్కుకు అర్థం, ఆ సంభాషణ ఆయన ఫోనులో తెరుచుకుంది అన్నంత వరకే. రాత్రి పదకొండున్నరకు నిద్ర ముంచుకొస్తుండగా తెరిచినా అది నీలమే, మీటింగులో బల్ల కింద తెరిచినా నీలమే. మీరు రాసినది రెండు ఊళ్ల సాధకబాధకాలతో కూడిన పెద్ద సందేశం. దానికి తగిన జవాబు తీరిగ్గా రాయాలని మనసులో అనుకుంటాం, ఆ తీరిక రాదు, గంటలు గడిచేకొద్దీ ఆలస్యమైందన్న అపరాధ భావం పెరుగుతుంది, చివరికి నిద్ర లేచాక ఏదో ఒకటి పంపేస్తాం. నా విషయంలో జరిగింది అక్షరాలా ఇదే. ఇష్టమైన మనిషికి రాసే జవాబు బాగుండాలన్న కోరికే ఆలస్యానికి కారణమైందని చెబితే నా భార్య చాలాకాలం నమ్మలేదు, ఆవిడ నమ్మకపోవడంలో తప్పేమీ లేదు.

రెండో సంగతి, మేము ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సందేశాలే రాస్తాం. అక్కడ ఒక్క మాటలో జవాబిచ్చేవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు, ఎందుకంటే వాడు ఎదుటివాళ్ల సమయాన్ని కాపాడుతున్నాడు. ఎనిమిది గంటలు అలా రాసిన వేళ్లు తొమ్మిదో గంటలో మారవు. "సరే" అని ఆయన రాసినప్పుడు, మీరు చెప్పింది శ్రద్ధగా విన్నానని, అడ్డు చెప్పడం లేదని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. ఆ మాట మీ దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసిన చప్పుడులా వినబడుతోంది.

మేము ప్రేమించుకున్నది 2011లో, విశాఖపట్నంలో ఇంజినీరింగు చదివే రోజుల్లో. ఆ సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లకు మించి పంపకూడదని నిబంధన పెట్టింది, నవంబరులో దాన్ని 200 చేసింది. వాణిజ్య ప్రకటనల బెడద తగ్గించడానికి పెట్టిన హద్దు మాలాంటి వాళ్లకు కూడా వర్తించేది. దాంతో మాకు రాత్రి మాట్లాడుకోవడానికి మిగిలేలా పగలు దాచుకోవడం అలవాటైంది. పండగ రోజుల్లోనైతే నెలవారీ ప్యాకేజీలు పనిచేసేవి కావు, సంక్రాంతి శుభాకాంక్షలకు విడిగా డబ్బు కట్టుకోవలసిందే. ఇబ్బంది పడ్డాం, కాని ప్రతి సందేశాన్నీ ఆలోచించి రాసుకున్నాం. అన్నీ ఉచితమైపోయాకే మేము పొడి మాటలకు దిగాం.

మమ్మల్ని కాపాడింది చిన్న ఒప్పందం. పూర్తి జవాబు రాయలేనప్పుడు, "చూశాను, రాత్రికి రాస్తాను" అని వెంటనే పంపాలి, రాత్రికి తప్పక రాయాలి. ఇందులో రెండో భాగమే ముఖ్యం. మీరు ఈ ఒక్కటే ఆయన్ను అడిగి చూడండి. ఎందుకు ముభావంగా ఉంటున్నారని అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తెలియకపోవచ్చు, ఇలా చేయండి అంటే ఎలా చేయాలో తెలుస్తుంది. ఇంకొక మాట: నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు వెనక్కి జరుపుతారు, తేడా పదకొండున్నర గంటలవుతుంది. పెళ్లి పనుల ఒత్తిడి కూడా అప్పుడే ఉంటుంది కాబట్టి ఫోన్ వేళలను ముందే కుదుర్చుకోండి.

సమాధానం 3: ఓరుగల్లు పిల్ల (హన్మకొండ)

పై ఇద్దరు చెప్పినవాటిని గౌరవిస్తూనే, నేను వేరొక వైపు నుంచి రాస్తున్నాను. రెండేళ్ల కిందట నా నిశ్చితార్థం రద్దయింది, రద్దు చేసుకున్నది నేనే. సందేశాల్లో గొంతు వినబడదు కాబట్టి వాటిని పట్టించుకోవద్దు అన్న మాటను నేనూ ఏడాదిపాటు నమ్మాను. ఒక్కొక్క సందేశం విషయంలో అది నిజమే. ఏడాది సందేశాలు కలిసి చెప్పేది మాత్రం వేరే ఉంటుంది.

దంపతుల సంబంధాలను దశాబ్దాలుగా పరిశీలించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ ఒక విషయాన్ని పదేపదే చెప్పారు. "బయట వాన పడుతోంది చూడు" అని భార్య అన్నప్పుడు, ఆమె అడిగేది వాన గురించి కాదు, ఒక్క క్షణం నా వైపు తిరగమని అడుగుతోంది. అలాంటి చిన్న పిలుపులకు మొహం తిప్పి పలికే అలవాటు ఉన్న జంటలే ఎక్కువగా నిలబడ్డాయని ఆయన పరిశీలన. దూరంగా ఉన్న ఇద్దరికి ఆ పిలుపులు సందేశాలలోనే జరుగుతాయి. మీరు ఎప్పుడైనా మీ ఇంటి తులసికోట ఫోటో పంపితే అది కూడా అలాంటి పిలుపే. దానికి రోజుల తరబడి పలుకు లేకపోతే బాధపడడం మీ బలహీనత కాదు.

అయితే నిర్లక్ష్యానికీ అలవాటు లేకపోవడానికీ తేడా ఎలా తెలుస్తుందంటే, నా అనుభవంలో తెలిసిన దారి ఒక్కటే: చెప్పి చూడడం. బాధ కలుగుతోందని స్పష్టంగా చెప్పిన తరవాత ఎదుటి మనిషి ఏం చేస్తాడన్నది చూడాలి. రెండు వారాలు ప్రయత్నించి మళ్లీ మర్చిపోతే కూడా ఫరవాలేదు, గుర్తు చేయవచ్చు. చెప్పినందుకే మీరు తప్పు చేసినట్లు మాట్లాడితే అది సందేశాల సమస్య కాదు. నాకు జరిగింది అదే. "నీకు వేరే పని లేదా" అన్నాడు. ఆ తరవాత రాత్రి ఒంటిగంట పదికి నేను ఆన్‌లైన్‌లో ఎవరితో ఉన్నానో లెక్క అడగడం మొదలైంది, నా స్నేహితులతో జరిపిన సంభాషణల స్క్రీన్‌షాట్లు కావాలన్నాడు. తాను జవాబివ్వని మనిషి నా ఫోను మాత్రం తన చేతిలో ఉండాలనుకున్నాడు. పెళ్లికి ముందే తెలిసింది, అదొక్కటే నాకు జరిగిన మేలు.

మీరు చెప్పినదానిలో అలాంటి జాడ నాకు కనబడలేదు. మీరు ఒకరోజు పలకకపోతే ఆయన కోప్పడలేదు, కంగారుపడ్డారు. అది చాలా పెద్ద తేడా.

ఒక విషయం మాత్రం చెల్లెలికి చెప్పినట్లు చెబుతాను. అర్ధరాత్రి లేచి ఆయన చివరిసారి ఎప్పుడు కనిపించారో చూడడం ఇవాళే ఆపేయండి. నా మీద నిఘా పెట్టిన మనిషి కూడా మొదట ఇలాగే బెంగతోనే చూసి ఉంటాడని నాకు తరవాత అనిపించింది. ఆ సమయం మీకు ఆయన గురించి ఏమీ చెప్పదు. సెట్టింగుల్లో మీది దాచేసుకుంటే, ఆయనది కూడా మీకు కనబడదు. అది దాపరికం కిందికి రాదు, మీ నిద్ర కోసం చేసుకునే ఏర్పాటు.

ఇంతటి విషయాన్ని సందేశంలో రాయకండి. ఆదివారం వరకు ఆగి నోటితో చెప్పండి.

ప్రశ్న అడిగినవారి మలి జాబు: వేకువ

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇన్ని రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, రెండు ఆదివారాలు గడిచాక రాయాలనుకున్నాను.

మొదటి ఆదివారం చెప్పాను. ముందుగా రాసి పెట్టుకున్న మాటలేవీ నోటికి రాలేదు. "మీరు నీ ఇష్టం అని రాసిన రోజు నేను ఏడ్చాను" అని మాత్రం అనగలిగాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తరవాత ఆయన నెమ్మదిగా వాళ్లింటి సంగతి చెప్పారు. వాళ్ల నాన్నగారు మంచివారే, అయినా ఇంట్లో ఏ నిర్ణయమూ వాళ్లమ్మగారిని అడిగి తీసుకున్నది లేదట. సొంత చెల్లెలి పెళ్లికి ఏ చీర కట్టుకోవాలో కూడా ఆవిడకు చెప్పేవారట. తనకు పెళ్లంటూ అయితే భార్యతో తప్పకుండా "నీ ఇష్టం" అనాలని చిన్నప్పుడే అనుకున్నారట. నాకు ఇవ్వగలిగిన పెద్ద గౌరవం అదేనని నమ్మి ఆ రెండు మాటలూ రాశారు. పెద్ద సందేశం కాబట్టి ఆలోచించే రాశారట, ఏడు గంటలూ అందుకే పట్టాయట.

నేను ఇన్ని వారాలు ఆ మాటను పట్టుకుని ఏమేమి ఊహించుకున్నానో ఆయనకు పూర్తిగా చెప్పలేకపోయాను. కాని నాకు కావలసింది అన్నీ నాకు వదిలేయడం కాదని, ఇద్దరం కలిసి అనుకోవడమని చెప్పాను. అలా అడగవచ్చని తనకు తోచలేదన్నారు. రిసెప్షన్ విజయవాడలోనే పెట్టుకుంటున్నాం, వాళ్లమ్మగారిని అడిగాం, ఆవిడ అదే కోరుకున్నారు.

అర్వింగ్ గారు చెప్పిన ఒప్పందం పదకొండు రోజులుగా నడుస్తోంది. రెండుసార్లు మరిచిపోయారు, ఒకసారి నేను కూడా మరిచిపోయాను. చివరిసారి కనిపించిన సమయం చూసే ఏర్పాటు తీసేశాను. మొదటి నాలుగు రాత్రులు అలవాటుగా చెయ్యి ఫోను మీదికే వెళ్లింది.

గుంటూరు మేడమ్ గారికి ప్రత్యేకంగా ఒక మాట. ఆయన తన ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టుకున్నారు. ఒత్తులు ఎక్కడున్నాయో వెతుక్కోవడంతో ఒక్క వాక్యానికి చాలాసేపు పడుతోందట. నిన్న పొద్దున్న బ్యాంకుకు బయలుదేరుతుండగా మొదటి సందేశం వచ్చింది: "అమమ్మ గారి మోకాలు ఎలా ఉంది మరి". ఒత్తు తప్పింది. చివరన ఆ "మరి" మాత్రం ఉంది.